అరటినార మీద చల్లిన నీళ్లు

మొన్న మా మనవరాలు గోధుమరంగు ట్రే ఒకటి కొనుక్కొచ్చి, ఇది అరటినార కలిపిన ప్లాస్టిక్ నానమ్మా, కొత్తగా వచ్చింది అని చేతిలో పెడితే, చాయ్ గ్లాసులు పెట్టుకోవాల్సిన దాన్ని నేను బోర్లించి, పొక్కులేమైనా ఉన్నాయా అని వేలితో తడుముతూ కూర్చున్నాను. కొత్తదట! ఆ పిల్ల పుట్టకముందే సూరత్ పక్కన పల్సానాలో ఆ పని చేసినదాన్ని నేను.

మన ఈడు ఆడవాళ్లలో, అందులోనూ కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చినవాళ్లలో, మగ్గానికి నూలు కండెలు చుట్టనివాళ్లు ఎంతమంది? ఎండిన నూలు పుటుక్కున తెగుతుందని ముందుగా దానిమీద నాలుగు నీటిచుక్కలు చల్లడం మా అమ్మ నేర్పిన విద్య. మా ఆయన పోయి, ఇద్దరు పిల్లలతో నేను దిక్కుతోచక ఉన్నప్పుడు, మా అక్క భర్త, మా బావ, తాను వేడి ప్రెస్సు నడిపే చిన్న కార్ఖానాలోనే నన్నూ పనికి పెట్టించాడు. అరటినారను చిన్న ముక్కలుగా కోసి ప్లాస్టిక్ గింజల్లో కలపడం నా పని, దాన్ని కరిగించి పలకలుగా ఒత్తడం బావ పని. ఎండునార గాలికి ఎగురుతుంటే నా చెయ్యి ఊరుకుంటుందా, పాత అలవాటుకొద్దీ నీళ్లు చల్లేదాన్ని.

పలకలు పొక్కులు పొక్కులుగా వచ్చేవి, వంచితే విరిగేవి. బావ వేడి ఎక్కువ పెడుతున్నాడని కార్ఖానా యజమాని సేఠ్ రోజూ తిట్టేవాడు. ఒకరోజు కుళాయిలో నీళ్లు రాక నేను నీళ్లు చల్లలేదు, ఆ రోజు పలకలన్నీ నున్నగా వచ్చాయి. తడి అంతా ఆ వేడికి ఆవిరై పొక్కులు కట్టిందని అప్పుడు తెలిసింది. అదే సాయంత్రం అంతకుముందు పంపిన సరుకంతా తిరిగొచ్చింది. చెడగొట్టినవాళ్లెవరో తేల్చి రేపే పనిలోంచి పంపించేస్తానన్నాడు సేఠ్. బావను పక్కకు పిలిచి, తప్పు నాది, చెప్పేస్తానని ఏడ్చాను.

“జర సప్పుడు జేయకు బిడ్డా,” అన్నాడు బావ. “నాకు మగ్గం మీదనన్న పని దొరుకుతది. నీకు గిది పోతే పిల్లలకేం పెడ్తవ్?”

మర్నాడు తప్పు తనదేనని ఒప్పుకొని ఆయన వెళ్లిపోతుంటే, నేను తలవంచుకొని నార కోస్తూనే ఉన్నాను. సిగ్గుచేటు! ఆ తర్వాత పిడికిట్లో నలిపి నారలో తడి కనిపెట్టడంలో నా అంతటిది లేదని పన్నెండేళ్లు అందరూ మెచ్చుకున్నారు. బావ మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు నారను మిషన్లే ఆరబెడతాయట, తడి ఎంతుందో అవే చూపిస్తాయట, నాలాంటిదాని చేతి నేర్పుకు అక్కడ తావే లేదట. మంచిదే, ఎవరి తప్పూ ఎవరూ నెత్తిన వేసుకోనక్కర్లేదు. నేను మాత్రం ఆ రోజు సేఠ్ ముందు అనాల్సిన మాటను, బావ మంచాన పడ్డప్పుడు పక్కన కూర్చొని మళ్లీ మళ్లీ చెప్పాను. ఆయన నవ్వుతూ తలూపాడు. అప్పటికి ఆయనకు ఏదీ వినపడేది కాదు.