పచ్చలో వణికే ముల్లు

పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే మహేశ్వరి చేసే మొదటి పని దాన్ని తుడవడం. రాత్రి గుడ్డ కప్పి పెట్టినా తెల్లారేసరికి దాని మీద నల్లటి పొడి పేరుకుపోయి ఉంటుంది. వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఆ పేటలో బియ్యం కడిగినా, చంటిపిల్ల ముక్కు తుడిచినా వచ్చేది ఆ నలుపే. అవతల యార్డులో కొండల్లా పోసిన బొగ్గు మీద కంపెనీవాడు టార్పాలిన్ కప్పడు, నీళ్ళు చల్లడు. గాలి ఇటు తిరిగిందంటే పేట జనం బొగ్గే తింటారు, బొగ్గే తాగుతారు, ఆ బొగ్గునే రాత్రంతా దగ్గుతారు. నమ్మనివాళ్ళు తెల్లచొక్కా తొడుక్కుని ఒక్క పూట వచ్చి కూర్చోవచ్చు.

తండ్రి వీరన్న సముద్రం మీద చేపల వేటకి పోతాడు. తల్లి గంగాలమ్మ నెత్తళ్ళు ఎండబెట్టి తగరపువలస సంతలో అమ్ముతుంది. ఆ ఎండుచేపల మీదే మహేశ్వరి డిగ్రీ చదివింది, గాజువాకలో వెబ్ డిజైనింగ్ నేర్చుకుంది, ద్వారకానగర్‌లో ఒక చిన్న ఆఫీసులో కుదురుకుంది. పేజీ మీద బొమ్మల్ని తిప్పడంలో ఆ అమ్మాయి దిట్ట. ఫ్యాను రెక్కలు, బండి చక్రాలు, పేజీ తెరుచుకునేదాకా తిరిగే రింగు, ఏదైనా సరే. ఎన్ని డిగ్రీలు తిరగాలో, ఎంతసేపట్లో తిరగాలో, ఎక్కడ ఆగాలో స్టైల్‌షీట్‌లో నాలుగు లైన్లు రాస్తే చాలు, బొమ్మ చెప్పినట్టు వింటుంది.

బొగ్గు కంపెనీ వెబ్‌సైటు పని వాళ్ళ ఆఫీసుకే వచ్చింది. యార్డు చుట్టూ గాలి ఎంత శుభ్రంగా ఉందో చూపించే మీటరొకటి కావాలన్నారు. అరచక్రం, ఎడమ పచ్చ, మధ్య పసుపు, కుడి ఎరుపు, దాని మీద తిరిగే ఒక ముల్లు. మహేశ్వరి మొదటిసారి రాసినప్పుడు ఆ ముల్లు తన నడుం చుట్టూ తానే గిర్రున తిరిగింది. పక్క సీటు అలేఖ్య పడి పడి నవ్వింది.

"ఒసేయ్, అది గాలి కొలవట్లేదే, గాలి విసురుతోంది!"

ముల్లు తిరగాల్సింది నడుం దగ్గర కాదు, మొదలు దగ్గర అని ఇంకో లైను చేర్చాక అది దారికొచ్చింది.

"లెక్కలు ఎక్కణ్ణించి వస్తాయి సార్?" అని ఓనరు శివరామకృష్ణని అడిగింది.

"సెన్సార్లు పెట్టాక వాళ్ళే ఇస్తారమ్మా. అందాకా పచ్చలో ఆపెయ్."

ఆపేసింది. ఆయన చూసి మూతి విరిచాడు. "ఏంటిది, చచ్చినట్టు పడుంది! నిజం మీటరంటే కాస్త వణకాలి కదా?"

వణికించింది. పేజీ తెరవగానే ముల్లు లేచి, పసుపు అంచుదాకా పోయి, వెనక్కొచ్చి పచ్చలో కుదురుకునేది. ఆ తర్వాత అటు కొంచెం ఇటు కొంచెం ఊగుతూ ఉండేది. ఆ ఊగుడుకి అంతం లేదని కూడా ఆ లైన్లలోనే రాసింది. ఆఫీసంతా భేష్ అన్నారు. ఆ సంబరంలో ఇంటికెళ్ళి తల్లికి ఫోన్లో చూపించింది.

"అమ్మా, ఇది బొగ్గు కంపెనీ గాలి మీటరు. నాను సేసిందే."

అందులో అబద్ధం లేదు. చెప్పాల్సింది మాత్రం సగం నోట్లోనే ఉండిపోయింది.

గంగాలమ్మకి చదువు రాదు గాని పచ్చకీ ఎరుపుకీ తేడా తెలుసు. ఇంతకుముందు యార్డు వైపునుంచి గాలి వీస్తే ఒడ్డున ఆడవాళ్ళు చేపలు పరిచేవాళ్ళు కాదు. ఇప్పుడు చదువుకున్న పిల్ల చేసిన ముల్లుంది. పక్కింటి మంగాయమ్మ ఫోన్లో పేజీ తెరిచి చూడ్డం, పచ్చగా ఉందని పరిచేయడం. ఆఫీసుకి పోయే మహేశ్వరికి ఈ సంగతే తెలియదు.

సంతలో దొరబాబు అనే వ్యాపారి ఒక నెత్తల్ని వేళ్ళతో నలిపి, ఆ వేళ్ళు గంగాలమ్మ ముఖం ముందు ఆడించాడు.

"ఏటిది గంగాలమ్మా, సేపలమ్ముతన్నావా, బొగ్గమ్ముతన్నావా? తీసీ, తీసీ, బేగి తీసీ!" అని బుట్టల్ని కాలితో తోసేశాడు.

ఆ బుట్టలు ఇంటికి తిరిగొచ్చాయి. గంగాలమ్మ వాకిట్లో కూలబడింది.

"ఇదేటే గుంటా? పరిసినకాణ్ణించి సూత్తనే ఉన్నాం, ముల్లు పచ్చ మీదే ఉంది. మరి సేపలెలగ మసైపోనాయి?"

మహేశ్వరి బుట్టలో చెయ్యి పెట్టి చూసింది, వేళ్ళు నల్లబడ్డాయి. అట్నుంచటే ఆఫీసుకి పోయింది.

"సార్, అది ఉత్త బొమ్మ అని మీటరు కింద రాద్దాం."

"రాస్తే ఇంక మీటరెందుకమ్మా?" శివరామకృష్ణ టీ చప్పరించాడు. "అయినా ఆ పేజీ ఎవడు చూస్తాడు?"

"మా అమ్మ చూస్తుంది."

"చూడొద్దని చెప్పు."

"సెన్సార్లు పెడతామన్నారు కదా సార్?"

"ముల్లుందిగా. ఇంక వాళ్ళు కొనడమెందుకు?"

ఆయన ఈ మాట సిగ్గుపడుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. టీలో పంచదార తక్కువైందన్నట్టు అన్నాడు. మన ఊపిరి మీద నడిచే వ్యాపారాలన్నీ ఇలాగే చల్లగా, టీ తాగుతూ నడుస్తాయి. మహేశ్వరికి థూ అనిపించింది. ముందు ఆయన మీద, ఆ వెంటనే తన వేళ్ళ మీద. బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఒడ్డున ఆడవాళ్ళు వలల పక్కన కూర్చుని ఉన్నారు. మహేశ్వరి వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, పేజీ తెరిచి, ఫోను చూపించింది.

"నెట్టు తీసీసినాను, పిన్నీ. ఇప్పుడు దీనికి ఏ కబురూ రాదు. సూడండి."

ముల్లు పచ్చలో హాయిగా వణుకుతూనే ఉంది.

మంగాయమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మ! సచ్చిన సేప తోకాడించినట్టుందే!"

"ఇది దేన్నీ కొలవదు. పచ్చలో ఆపమన్నారు, ఆపీసినాను."

గంగాలమ్మ కూతురి వైపు చూడలేదు. ఫోన్లోకే చూస్తూ, "ఆ వణుకో?" అంది.

"అదీ నానే పెట్టినాను. నిజంలాగ ఉండాలన్నారు."

"ఆ వణుకు సూసే కదే నమ్మీసినాను!"

ఫోను పక్కకి తోసేసి తల్లి ఒక్కతే ఇంటికి పోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున గంగాలమ్మ మసి పట్టిన నెత్తళ్ళ బుట్ట నెత్తికెత్తుకుంది. వెనకాల మంగాయమ్మ, పేట ఆడవాళ్ళందరూ. గడప దగ్గర నిలబడ్డ కూతుర్ని చూసి ఇంకో బుట్ట కాలితో ముందుకి జరిపింది.

"సూత్తావేటి? పట్టు."

యార్డు గేటు దగ్గర సెక్యూరిటీవాడు అడ్డంగా నిలబడ్డాడు. "మేనేజరుగారు లేరు. కంప్లైంటుంటే వెబ్‌సైట్లో పెట్టుకోండి."

గేటు పక్కన గోడకి పెద్ద టీవీ బిగించారు. అందులో అదే అరచక్రం, అదే ముల్లు, అదే పచ్చ. దాని అద్దం మీద మాత్రం వేలితో పేరు రాసుకునేంత నల్లటి పొడి.

గంగాలమ్మ బుట్ట గేటు ముందు బోర్లించింది. నల్లటి నెత్తళ్ళు సెక్యూరిటీవాడి బూట్ల మీద పడ్డాయి.

"ఏయ్, ఏయ్! ఎవరు తీస్తారు ఇదంతా?"

"మీ ముల్లునడుగు," అంది మంగాయమ్మ.

మహేశ్వరి ఫోను మోగుతోంది, ఆఫీసు నంబరు. తన బుట్టని తల్లి బుట్ట పక్కనే బోర్లించి, ఆ తర్వాత ఫోనెత్తింది.

"గేటు కాడున్నాను సార్," అంది. "మీ మీటరు కిందే."