నర్సింహులన్న అంటించిన కాగితం

పంజాగుట్టలో మేము పనిచేసే ల్యాబ్‌లో వైఫై రాకపోతే అందరి నోటా ఒకటే పేరు, నర్సింహులన్న. ఒకప్పుడు అమీర్‌పేట హాస్టళ్లకు కేబుల్ వైర్లు లాగుతూ, అక్కడే కోచింగ్ సెంటర్‌లో నెట్‌వర్కింగ్ నేర్చుకుని మా దగ్గర చేరాడు. పిలిస్తే తిట్టుకుంటూ వస్తాడు, పని చేసిపెట్టి గానీ పోడు. అలాంటి మనిషి చేసిన తప్పు చెప్పాలంటే నాకు మనసొప్పదు. అయినా చెప్పాలి.

మా వైఫైలోకి వెళ్లాలంటే ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొట్టాలి. రోగుల రిపోర్టులు తెరవడానికీ అదే పాస్‌వర్డ్. కొట్టేముందు ఫోన్ ఒకటి అడుగుతుంది: అవతల ఉన్నది నిజంగా మీ సర్వరేనా, దాని గుర్తింపు కార్డులాంటి సర్టిఫికెట్ చూడమంటారా అని. చూడమంటే సవాలక్ష సెట్టింగులు. రోజూ పాతికమంది ప్రాణం తీస్తుంటే విసిగిపోయి, 'చూడొద్దు అని నొక్కండి' అని కాగితం రాసి గోడగోడకూ అంటించాడు అన్న. అందరం హాయిగా నొక్కాం.

జూన్‌లో ఎవడో దరిద్రుడు కింద టీ కొట్టు దగ్గర మా వైఫై పేరుతోనే దొంగ వైఫై పెట్టాడు. టీకి దిగిన రత్నమాల ఫోన్ తనంతట తానే దానికి కలిసి, పాస్‌వర్డ్ అప్పజెప్పింది. రిపోర్టుల కౌంటర్లో నా పక్క సీటు ఆమెది. ఆమె పేరుతో నాలుగొందల రిపోర్టులు బయటికి పోయాయి. దొంగ వైఫై సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు కదా, "పాస్‌వర్డ్ నీకొక్కదానికే తెలుసు" అని మేనేజర్ ఆమెను ఇంటికి పంపేశాడు. విచారణలో ఆమె తప్పు లేదని తేలకపోతే ఉద్యోగం పోయినట్టే.

మూడో రోజు చూస్తే గోడల మీద కాగితాల్లేవు. ఆమె పాస్‌వర్డ్ పోవడానికీ ఆ కాగితాలకూ ఏదో సంబంధం ఉందని అర్థమై నాకు ఒళ్లు మండింది.

"కాగితాలెందుకు పీకినవ్ అన్నా?" అని నిలదీశాను.

"తప్పు నాదే వసుమతీ. నిన్ననే సమజైంది. చెప్తే నౌకరి పోతది. గీ వయసుల నాకెవరిస్తరు?"

"మరి ఆమెది పోతే?"

అన్న వైర్ల సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు అన్నం డబ్బా కూడా తెరవలేదు. పాపమనిపించింది, కోపమూ తగ్గలేదు.

ఆరో రోజు విచారణ. అన్న ఓ చిన్న పెట్టె తెచ్చి, మేనేజర్ గదిలోనే అదే పేరుతో వైఫై పెట్టాడు. నిమిషంలో లాప్‌టాప్ మీద ఒక పాస్‌వర్డ్ పడింది.

"గిది మీదే సార్. ఫోన్ మీ జేబులనే ఉన్నది. ఆమెకు సుత గిట్లనే అయింది. ఆ కాగితం రాసింది నేను."

మేనేజర్ ముఖం పాలిపోయింది. రత్నమాలను మళ్లీ పిలిచారు. అన్నకు మెమో ఇచ్చి, ఉద్యోగంలో ఉంచారు.

మర్నాడు ఆమె సీటు దగ్గరికొచ్చాడు. "ఫోన్ ఇయ్యి బిడ్డా, సరిగ్గ పెట్టిస్త."

"నీకు ముందే తెలుసట గదన్నా," అంది రత్నమాల తలెత్తకుండా. "అన్ని రోజులు మా ఇంట్ల నన్ను దొంగను చూసినట్టు చూసిన్రు."

"భయమైంది బిడ్డా. తప్పయింది."

ఆమె ఫోన్ ఇవ్వలేదు. "నువ్వు చెప్పు, నేనే కొట్టుకుంట."

అన్న చెప్తుంటే ఒక్కొక్కటే కొట్టింది. చివరికి సర్టిఫికెట్ మీది పేరు వచ్చింది. నెమ్మదిగా పైకి చదివి, "ఇది మనదేనా?" అనడిగింది.

"మనదే బిడ్డా."

రత్నమాల నొక్కలేదు. ఫోన్ నావైపు తిప్పింది.

"అక్కా, జర నువ్వు చూసి చెప్పవా?"