కార్తీక సోమవారం, ఇరవై నాలుగు ఎర్రలు

మొన్న సోమవారం తెల్లవారుజామున నా దగ్గర నాలుగు వేల మూడు వందల రూపాయలు, కొత్త ఫిషింగ్ రాడ్ ఒకటి, ఇరవై నాలుగు ఎర్రలు ఉన్నాయి. ఎర్రలంటే వానపాములే, చేపల కోసం గాలానికి గుచ్చేవి. ఇవాళ గురువారం. డబ్బులు అయిపోయాయి, రాడ్ అటకెక్కింది, ఎర్రలు మాత్రం నా బాల్కనీలో ఉన్నాయి. నా పెళ్ళి ఇప్పుడు వాటి చేతుల్లో ఉంది. వాటికి చేతులుండవని నాకూ తెలుసు.

మొదట్నుంచీ చెప్తాను. లావణ్యా నేనూ రాయదుర్గంలో ఒకే ఆఫీసు. వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. నేను నల్గొండ వాణ్ణి, నిజాంపేటలో ఉంటాను. నేను లావణ్యకు నచ్చాను, వాళ్ళమ్మగారికీ నచ్చాను. నాన్నగారు మాత్రం మూడుసార్లు కలిస్తే మూడుసార్లూ "చూద్దాం బాబూ" అనే అన్నారు. తప్పు నాదే. మొదటిసారి కలిసినప్పుడే నా సైడ్ బిజినెస్‌లన్నీ ఏకరువు పెట్టాను. బాల్కనీలో పుట్టగొడుగులు, టీషర్టులు, హాస్టళ్ళకి టిఫిన్ల యాప్. ఆయన శ్రద్ధగా విని, "వీటిలో ఇప్పుడేది నడుస్తోంది?" అని అడిగారు. ఏదీ నడవటం లేదు.

ఆయన బలహీనత ఒకటి లావణ్య చెప్పింది. రాత్రి భోజనమయ్యాక టీవీలో ట్రౌట్ అనే విదేశీ చేపల ఫిషింగ్ వీడియోలు చూస్తారట. చుట్టూ కొండలు, మధ్యలో రిజర్వాయరు, ఒక తెల్లాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గంటసేపు ఏమీ పట్టడు. ఈయన ఆ గంటా కదలకుండా చూస్తారట.

ఇంకేం, నాకు ప్లాన్ దొరికింది. వికారాబాద్ దాటాక కొండల మధ్య ఒక రిజర్వాయరు ఉంది. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి, ఒడ్డున హఠాత్తుగా రాడ్ చేతిలో పెట్టాలి. ఎక్సెల్ తెరిచాను. గాలి వేగం, మబ్బులు, నీటి చల్లదనం, చంద్రుడి దశ, అన్నీ కాలమ్స్‌లో పెట్టాను. చేప కొరికే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా సోమవారం సూర్యోదయానికి తేలింది. లావణ్యకి చెప్తే ఐదు నిమిషాల్లో వాళ్ళింట్లో తెలిసిపోతుంది కాబట్టి తనకి కూడా చెప్పలేదు. నేరుగా ఆయనకే ఫోన్ చేసి, సోమవారం తెల్లవారేసరికి కొండల్లో నీళ్ళ దగ్గరుండాలి, ఆంటీని కూడా తీసుకురండి అన్నాను.

"సోమవారమని నువ్వే అనుకున్నావా బాబూ?" అన్నారు. లెక్క వేసే అనుకున్నానన్నాను. ఆయన గొంతు మెత్తబడింది. నిన్ను చూసి ఇంతటివాడివని అనుకోలేదయ్యా అన్నారు. నేను పొంగిపోయాను.

కారు కిరాయికి తీసుకుని నాలుగింటికి వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళాను. ఆయన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని దిగారు. వెనకాల ఆంటీ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో అరటి దొప్పలు, నేతి వత్తులు. నాకు అప్పుడైనా వెలగాలి కదా. గుడికి కూడా వెళ్తారేమో అనుకున్నాను. నా ఒంటి మీదేమో పద్నాలుగు జేబుల ఫిషింగ్ కోటు. టీవీ విలేకరి కోటులా ఉందని ఆంటీ మెచ్చుకున్నారు.

దారిలో శంకరపల్లి దాటాక ఆయనే ఆంటీతో అన్నారు, "ఈ రోజుల్లో కార్తీక సోమవారం గుర్తుపెట్టుకుని పెద్దవాళ్ళని పుణ్యస్నానానికి తీసుకెళ్ళే కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారే?"

నా కాలు బ్రేకు మీద పడింది.

కార్తీక మాసం. నెలంతా ఆ ఇంట్లో నీచు ముట్టరు. సోమవారమైతే పగలంతా ఉపవాసం. చంద్రుడి దశ వరకు చూసిన నేను నెల పేరు చూడలేదు. నా రూమ్ తలుపు వెనక కిరాణా కొట్టువాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంది. రోజూ దాని మేకుకే ఐడీ కార్డు తగిలిస్తాను. ఆ సాయంత్రం ఫోన్‌లో మా అమ్మ కూడా అదే అంది: "కార్డు తగిలిచ్చేటప్పుడు జర కన్ను తెరిస్తే ఏమైతుండెరా?"

రిజర్వాయరు దగ్గర దిగాక వాళ్ళడిగితే, రాడ్ సంచి కెమెరా స్టాండ్ అయిపోయింది. అంకుల్ వెనకాలే నేనూ జీన్స్‌తో నీళ్ళలో మూడు మునకలు వేశాను. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఆయన దాన్ని భక్తి అనుకున్నట్టున్నారు, వీపు తట్టారు. ఆంటీ దొప్పలో దీపం వెలిగించి వదిలారు. అది మెల్లగా లోపలికి సాగింది. అంతా గట్టెక్కిందనుకున్నాను.

అప్పుడు ఆంటీ కర్పూరం కోసం వెతికారు. నా బ్యాగ్ పక్కన చిన్న స్టీలు డబ్బా కనిపించింది. మూత తీశారు, లోపల నా ఎర్రలు. అరవలేదు. "ఏవండీ, ఓసారిలా రండి" అన్నారంతే.

ఆయన వంగి చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను మొత్తం చెప్పేశాను, ఎక్సెల్‌తో సహా.

"ట్రౌటా? ఇక్కడా?"

"నలభై శాతం ఛాన్స్ ఉందనుకున్నానంకుల్."

"అది మంచు నీళ్ళలో బతికే చేప. ఇక్కడ బొచ్చె దొరుకుతుంది, కొర్రమీను దొరుకుతుంది. నలభై ఎక్కడిది బాబూ?"

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఆయన నవ్వలేదు. డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చారు.

"మొదలుపెట్టడం నీకు బాగా వచ్చు. ఈ నెలలో జీవహింస వద్దు. పోలి పాడ్యమికి కార్తీకం వెళ్ళిపోతుంది, ఇంకా పందొమ్మిది రోజులుంది. అప్పటిదాకా వీటిని బతికించు. ఆ తర్వాత మనిద్దరం కొర్రమీనుకి వద్దాం, మిగతా సంగతులు ఇక్కడే మాట్లాడుకుందాం. ఇరవై ఎర్రల్ని చూసుకోలేనివాడు మా అమ్మాయినేం చూసుకుంటాడు?"

"ఇరవై నాలుగంకుల్" అన్నాను. ఈ నోటికి ఎప్పుడు ఆగాలో తెలియదు.

అలా పుట్టగొడుగుల తొట్టికి మళ్ళీ పని పడింది. అడుగున తడి మట్టి, పైన ఆఫీసు ప్యాంట్రీలో అడిగి తెచ్చుకున్న వాడేసిన టీ పొడి. లావణ్య మూడు రోజులుగా నన్ను చూసినప్పుడల్లా నవ్వాపుకోలేక మీటింగ్‌లోంచి లేచి వెళ్ళిపోతోంది. రోజూ పొద్దున ఆరింటికి వాళ్ళ నాన్నగారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒకటే మాట వస్తుంది: "ఎన్ని?" నేను "24" అని పెడతాను. ఆయన ఒక దండం బొమ్మ పెడతారు.

ఈ పొద్దున లెక్కపెడితే ఇరవై మూడు.

మూడుసార్లు లెక్కపెట్టాను. ఇరవై మూడే. కింద పార్కులో ఒకటి తవ్వి తెస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆయన డబ్బాలోకి వంగినప్పుడు ఒక్కొక్కదాన్నీ గుర్తు పెట్టుకున్నట్టే చూశారు. మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను, ఫ్యామిలీ ఎమర్జెన్సీ, లేటవుతుందని. ఇప్పుడు బాల్కనీలో పాత దుప్పటి పరిచాను. ఆరింటి "ఎన్ని?"కి ఇంకా జవాబు పెట్టలేదు, ఇరవై నాలుగోదాన్ని వెతకడానికి ఇక తొట్టి బోర్లించాలి.