వీసా అక్కర్లేని దీవికి 'అన్న'తో

ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి మామా, రెండోది నా అబద్ధం బయటపడటం. మామా అంటే కువైట్‌లో, రుమైథియాలో, నేను పనిచేసే ఇంటి యజమానురాలు. (మా కడప వైపు మొగుణ్ణి కూడా మామా అని పిలుస్తారు. ఆ గందరగోళం జోలికి మీరు పోకండి, నేనే చాన్నాళ్ళు పడ్డాను.) ఇక అబద్ధం సంగతంటారా, అది మొదట నాది కాదు, ఏజెంటుది. పెళ్ళయిన ఆడదంటే కడుపుతోనో సెలవుతోనో వెళ్ళిపోతుందని ఇళ్ళవాళ్ళు జంకుతారట. అందుకని నన్ను పెళ్ళికాని పిల్లగా రాయించి విమానం ఎక్కించాడు. పెళ్ళయి అప్పటికి పక్షం రోజులు కూడా కాలేదు.

మా ఆయన అంతకుముందు నుంచే కువైట్‌లోనే, మహబూలాలో ఉండేవాడు. నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు, ఆరుగురితో కలిసి ఒకే గదిలో పడుకునేవాడు. ప్రతి శుక్రవారం బస్సెక్కి వచ్చి మా గేటు బయట నిలబడేవాడు. మొదటిసారి మామా చూసి "ఎవరతను?" అంటే, నా నోట్లోంచి "మా అన్న" అని వచ్చేసింది. ఆ క్షణం నుంచి నాకు అన్నలేని లోటు తీరిపోయింది. మామా ఎదుట "అన్నా, తిన్నావా?" అని నేనడగడం, ఆయన పళ్ళు నూరుకుంటూ "తిన్నా చెల్లెమ్మా" అనడం! ఒకే ఊళ్ళో ఉంటూ మొగుడూ పెళ్ళాలం పక్కపక్కన కూర్చుని ఒక గ్లాసు టీ తాగే చోటు లేకపోయింది. ఈ మాట ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆయన బస్సు మలుపు తిరిగాక వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగేదాన్ని. కూరకు అవసరమున్నా లేకపోయినా తరిగేదాన్ని. ఏడ్చానని ఎవరూ అనుకోరు కదా.

ఆయన గదిలో ఉండే రాయచోటి భాయ్ ఒక ట్రావెల్స్ షాపులో పనిచేసేవాడు. దీవి కబురు మోసుకొచ్చింది అతనే. సముద్రం అవతలి దేశం వాళ్ళు ఒక దీవిని వ్యాపారానికని విడిగా పెట్టుకున్నారట. ఏ దేశపు పాస్‌పోర్టయినా సరే, రెండు వారాల దాకా వీసా లేకుండా రానిస్తారట. "వీసా లేదు, గీసా లేదు. రిటన్ టికెట్టు, హోటల్ కాయితం చూపిస్తే ఖలాస్! మనూరికి పోతే మీ ఇంట్లో పద్నాలుగు మంది మధ్యన పండుకోవాల. ఆడికి పొండి, బుద్ధిగా," అని ఒక గదికి బుకింగ్ కూడా తనే చేసిపెట్టాడు.

ఈద్ పనులన్నీ అయ్యాక మామాను సెలవడిగాను. "అన్న నన్ను సముద్రం మధ్యలో దీవి చూపించడానికి తీసుకెళ్తాడట" అన్నాను. నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అక్కడ ఆడవాళ్ళు తల కప్పుకోవాలి" అంటూ తన కొత్త స్కార్ఫ్ ఒకటి ఇచ్చింది. లేత గులాబీ రంగుది. అన్నతో వెళ్ళేదానికి ఇంత మంచి స్కార్ఫ్ ఎందుకని నాకు అనుమానం రావాలి కదా! రాలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళకు బుర్ర పనిచేయదు.

దీవిలో విమానం దిగాం. నిజంగానే ఎవరూ వీసా అడగలేదు. కౌంటర్లో దట్టమైన మీసాల ఆఫీసరు వేలిముద్రలు తీసుకున్నాడు, టికెట్లు చూశాడు, హోటల్ కాగితం చూశాడు. ఒకే గది, ఇద్దరు మనుషులు, రెండు ఇంటిపేర్లు. మా ఆయన్ను చూపిస్తూ నన్ను అరబ్బీలో "ఇతనెవరు?" అన్నాడు. ఏడాదిగా అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పిన నోరు నన్ను అడక్కుండానే కదిలింది. "అఖూ మాల్ అనా." మా అన్న అని. సరిగ్గా అదే క్షణాన మా ఆయన ఛాతీ విరుచుకుని "మదామ్ మాల్ అనా" అన్నాడు. నా భార్య అని.

ఆఫీసరు కలం కిందపెట్టాడు.

"ఏందే నువ్వు చెప్పేది? ఈడ గూడా అన్నేనా?" మా ఆయన నావైపు తిరిగాడు.

"నోరు జారిందయ్యా! నేనేం జేయాల?"

లోపల దాచుకున్న తాళి బయటికి తీసి చూపించాను, కాలి మెట్టెలు చూపించాను. ఆయన ఫోనులో పెళ్ళి ఫోటో వెతికితే ట్యాంకర్ ఫోటోలే వచ్చాయి. ఆఫీసరు అటూ ఇటూ తల తిప్పి, "ఇక్కడికి వీసా అక్కర్లేదు. కానీ భార్యాభర్తలు కానివాళ్ళకు ఒకే గది కుదరదు. అబద్ధం చెప్పినవాళ్ళకు దీవే కుదరదు. వచ్చిన విమానంలోనే వెనక్కి పోతారు" అన్నాడు. తర్వాత నా కువైట్ కార్డు చూసి, కఫీల్ నంబరు అడిగాడు. కఫీల్ అంటే నాకు పూచీ ఉన్న మనిషి. అంటే మామాయే. ఆమె 'అన్న' అంటే దీవి పోతుంది. నిజం తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా నేను మునిగినట్టే.

ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా మాట్లాడాడు. "మీ ఇంటి పనమ్మాయి వెంట ఒకతను ఉన్నాడు. ఈమె అన్న అంటోంది, అతను భార్య అంటున్నాడు. ఎవరండీ ఇతను?"

అవతలి నుంచి మామా గొంతు వినపడింది.

"నాకు నలుగురు అన్నదమ్ములు. నా కోసం ఒక్కడూ ఎప్పుడూ ఎండలో నిలబడలేదు. ఇతను ఆగస్టులో కూడా ప్రతి శుక్రవారం మా గేటు దగ్గర నిలబడ్డాడు. మొగుడు కాకపోతే ఇంకెవరు నిలబడతారు? వాళ్ళకు ఆ గది ఇవ్వండి. యల్లా, కానివ్వండి!"

ఆఫీసరు మీసాల కింద నవ్వు దాచుకోలేక ముద్ర వేసేశాడు. నేను మాత్రం ఫోను దగ్గరికి వంగి, ఏడుస్తూ, "మామా, అబద్ధం చెప్పాను, పనిలోంచి తీసెయ్యద్దు" అన్నాను. "నువ్వే చెప్తావని ఏడాది నుంచి చూస్తున్నా, మొద్దుదానా" అంది ఆమె. "శనివారం తిరిగి రా. ఇంక వంటింట్లో ఉల్లిపాయలు ఊరికే తరగద్దు."

దీవిలో ఏం చూశామని అడగకండి. అంగళ్ళున్నాయట, అద్దాల గదుల్లో రంగురంగుల చేపలున్నాయట. రాయచోటి భాయ్ రాసిచ్చినవేవీ మేము చూడలేదు. తలుపు వేసుకుని, ఒకరి ఎదురుగా ఒకరం కూర్చుని, హోటలువాళ్ళు పెట్టిన కెటిల్‌లో టీ కాచుకుని తాగాం. అయిపోతే మళ్ళీ కాచుకున్నాం. తిరిగొచ్చాక మామా "ఏం చూశావు?" అంది. సముద్రం చూశానన్నాను. "సముద్రం ఇక్కడ కూడా ఉంది కదే" అని, నా ముఖం ఎర్రబడేదాకా నన్నే చూసి నవ్వింది.

తర్వాత కొన్నాళ్ళకు మామా మా ఆయన్ను తన ఇంటి డ్రైవరుగా తెచ్చుకుంది. ఇప్పుడు పెరట్లోని గదిలో ఇద్దరం ఉంటున్నాం. రోజూ పక్కపక్కనే కూర్చుని టీ తాగుతాం, ఆయన ఫోను చూసుకుంటూ, నేను టీవీ చూసుకుంటూ. సుఖంగానే ఉన్నాం, కాదనను. అయినా గులాబీ రంగు స్కార్ఫ్ కప్పుకుని, కౌంటర్ దగ్గర వణికిపోతూ నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే, నాకు జాలి వేయదు. కాస్త అసూయే వేస్తుంది.