ఎగిరే బాతు నాణెం

ఆ రోజు నేను ఆడిన అబద్ధం చిన్నదే. దానివల్ల మా బావ మా ఇంట భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు.

అరవైల చివర్లో నేను సాలూరులో ఒక లారీ ఆఫీసు గుమస్తాని. అతను మిషను ఆసుపత్రిలో కంపౌండరు, బాప్టిస్టు క్రైస్తవుల కుటుంబం. చుట్టరికం లేదు. టీ కొట్లో మొదలైన పరిచయం బావా అంటే బావా అనుకునేదాకా వచ్చింది.

అతని దగ్గర ఒక వెండి డాలరు ఉండేది. ఆసుపత్రిలో నర్సుగా చేసి కెనడా వెళ్లిపోయిన పెద్దావిడ పంపింది. వాళ్ల దేశానికి నూరేళ్లు నిండాయని ఆ ఏడాది నాణేల మీద అక్కడి జీవాలను వేశారట. ఒకదాని మీద చేప, ఒకదాని మీద తోడేలు. డాలరు మీద అడవిబాతు, మెడ సాచి రెక్కలు విప్పి ఎగురుతూ ఉండేది. అతను దాన్ని దూదిలో చుట్టి ఖాళీ మాత్రల డబ్బాలో దాచుకున్నాడు. బొమ్మ మీద ఎవరి వేలు పడినా ఊరుకునేవాడు కాదు.

మా అమ్మాయి అన్నప్రాశన నాడు పొద్దున్నే ఆ డబ్బా పట్టుకుని వచ్చాడు. మేము వెండితోనో బంగారంతోనో పిల్లల నాలిక్కి పాయసం ముట్టిస్తామని అతనికి తెలుసు.

"దీంతో ముట్టించు బావా. అసలైన ఎండి," అన్నాడు.

నన్ను పెంచిన మేనత్త వంటింట్లో దాన్ని తిప్పి చూసింది. "ఎగిరే పిట్టని పిల్ల నోటికాడ ఎడతావేటిరా? పక్షిదోసం తగిల్తే కాళ్లూ సేతులూ సన్నబడిపోవా?"

పసివాళ్ల మీదుగా పక్షి ఎగరకూడదని మా ఇళ్లలో గట్టి పట్టింపు. నాకా నమ్మకం లేదు. అయినా అత్తతో వాదించలేక నాణేన్ని జేబులో వేసుకుని, నా వేలి ఉంగరంతో పని కానిచ్చాను. అతను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు.

తర్వాత, నాణెం ఎందుకు వాడలేదని అడిగాడు. పిట్టబొమ్మకి జడిశామని చెప్పడానికి సిగ్గేసింది. "మీ మిషను వాళ్లది కదా బావా, పూజ దగ్గర బాగోదన్నారు," అన్నాను. ఎవరూ అనలేదు. మా అత్త అతని చేతి మందు తప్ప ఇంకొకరిది మింగేది కాదు. ఆ మాట ఆవిడకి తట్టనైనా తట్టదు.

నేను జేబులోంచి తీసిచ్చిన నాణేన్ని అతను డబ్బాలో పెట్టుకుని, "తెలిస్తే తెచ్చుండను," అన్నాడు. చివర బావా అనలేదు. విస్తళ్లు వేసేసరికి లేడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పిట్ట అని సెప్పుంటే నవ్వుకుందుం కదా బావా. ఆ మాటెందుకన్నావు?"

నేను ఇంటికొచ్చేశాను.

అత్తకీ చెప్పాను. తన మాట అడ్డం పెట్టుకుని అంత మాట అన్నందుకు నన్ను చెడతిట్టింది. మర్నాడు మళ్లీ పాయసం వండింది ఆవిడే. పిల్లని కొంగుతో కప్పి, ఆకాశం వైపు చూసుకుంటూ నా వెనక నడిచింది. వాళ్లింట్లో కూర్చున్నాక ఒక్కటే అడిగింది, ఆ పిట్ట ఇటు గాని వస్తాదా అని.

"రాదత్తా. అది సలిదేశం పిట్ట, మన ఎండకి ఆగలేదు," అన్నాడతను.

నేను పిల్లని అతని ఒళ్లో కూర్చోబెట్టి, పాయసం గిన్నె ముందుకు జరిపాను. నాణేన్ని బాతు రెక్క మునిగేదాకా ముంచి, పిల్ల నాలిక్కి అతనే ముట్టించాడు.