తెర వెనుక పెట్టె

సినిమా సంగీతం అంటే పాటలే అనుకునేవాళ్ళతో నాకు మాటల్లేవు. భూపాలపల్లిలో ఇప్పుడు నేనుండే మా అల్లుడి క్వార్టరు పక్కన ఒకాయన ఉంటాడు, బొగ్గుబాయి పని చేసి రిటైరైనవాడు. పొద్దస్తమానం చెవుల్లో తీగలు పెట్టుకుని తల ఊపుతుంటాడు. ఒకనాడు నన్ను పిలిచి, "పెద్దమ్మా, పాత పాటలున్నయి, ఇంటవా" అన్నాడు. పాటలొద్దు, మనుషులు మాట్లాడుతుంటే ఆ మాటల కింద ఒక సంగీతం పోతుంటుంది చూడు, అది ఉందా అని అడిగాను. "గదెవరు ఇంటరు" అని నవ్వాడు. అప్పటి నుంచి అతని ముఖం చూడటం మానేశాను. వినాలనిపిస్తే గాలి మళ్ళినప్పుడు చెల్పూరు కరెంటు ప్లాంటు మోత వింటాను. అది ఒక్క స్వరమే, కాని ఎవరినీ ఎక్కిరించదు.

ఎవరు వింటారని అతను నవ్విన ఆ సంగీతాన్నే నేను ఇరవై ఏళ్ళు విన్నాను. మానుకోటలో, కాగితాల మీద మహబూబాబాద్ అంటారు, ఒక టాకీసులో ఊడ్చే పని నాది. పుట్టింది జనగామ అవతల దేవరుప్పుల వైపు పల్లెలో. ఇచ్చింది గూడూరు. పెనిమిటి పోయాక మానుకోటకు వచ్చి చీపురు పట్టాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి. నేను సర్దుకున్నది చాలు.

ఆట నడిచేటప్పుడు నా చోటు తెర వెనుక. తెరకు సూదిమొనంత రంధ్రాలుంటాయి. దాని వెనుక నిలువెత్తు చెక్క పెట్టె, ఆ పెట్టె మీద ఇనుప బూర. హాల్లో జనం వినే ప్రతి మాటా, ప్రతి చప్పుడూ అందులోంచే వస్తుంది. ఆ పెట్టెకు వీపు ఆనించి, చీపురు పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. లోపల డోలు మోగితే నా వెన్నుపూస మోగేది. బొమ్మ వెనుక నుంచి కూడా కనబడుతుంది కాని మసకగా, తిరగబడి కనబడుతుంది. కుడిచేత్తో కొట్టినవాడు ఎడమచేత్తో కొట్టినట్టుంటుంది. పెద్దవాళ్ళ బడిలో పలక ఇచ్చి రాయమన్నప్పుడు నేను కొన్ని అక్షరాలు తిప్పి రాశాను. అంతవరకు నేను చూసిన రాత అంతా సినిమా మొదట్లో వచ్చే పేర్లు, అదీ వెనుక నుంచి. పంతులమ్మ నవ్వింది. ఆమె మీద కూడా నాకు కోపమే.

నా పని చెవితో నడిచేది. ఆట ముగిసే వేళకు పడమటి గోడకున్న మూడు తలుపులూ నేనే తీయాలి. గడియారం చూడటం రాదు. తీగల చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద డోళ్ళు మొదలయ్యాయంటే కొట్లాట. కొట్లాట అయ్యాక బూరలు. బూరల తరువాత అన్నీ కలిసి ఒక్కసారి లేచి, మెల్లగా దిగి కూర్చుంటాయి. అవి దిగుతుంటే నేను లేవాలి. తలుపు గడియలు లాగేసరికి జనం చెప్పుల్లో కాళ్ళు దూరుస్తుంటారు. కొత్త సినిమా అయితే రెండు ఆటలు వింటే చాలు, ఎక్కడ లేవాలో నా మోకాళ్ళకు తెలిసిపోయేది.

పైన మిషను గదిలో ఆపరేటరు ఉండేవాడు. నాకంటే పెద్ద, ఎక్కువ మాట్లాడడు. ఒకరోజు రీలు డబ్బాలు దింపుతుంటే అడిగాను.

"అన్నా, గీ తీగలు వాయించేది ఎవరే. ఒక్కడేనా?"

"ఒక్కడెట్ల వాయిస్తడు. గవి వయొలిన్లు. ముప్పై మంది, నలభై మంది వరుసగ కూసుంటరు. ముంగటొకడు పుల్ల పట్టుకొని చెయ్యి ఊపుతడు."

"మరి ఒక్కడన్న బొమ్మల కనవడడేంది?"

"నువ్వు కనవడుతున్నవా?"

"నేను ఊడుస్తన్న."

"వాళ్ళూ గంతే. బొమ్మంత తీసినంక ఒక దిక్కు కూసుండి వాయిస్తరు. రీరికార్డింగు అంటరు దాన్ని."

నలభై మంది ఒక చోట చేరితే ఎట్లా ఉంటుందో మా వాడలో నల్లా దగ్గర రోజూ చూస్తాను. వీళ్ళు నలభై మందీ ఒక్కసారే ఊపిరి పట్టి, ఒక్కచోటే విడుస్తారంటే నాకు నమ్మకం కుదరలేదు. పెట్టెకు చెవి పెట్టి ఒక్కొక్క గొంతును విడదీసి వినడం మొదలుపెట్టాను. సన్న వయొలిన్ల కింద లావు వయొలిన్ ఒకటి పోతుంది. పైవి ఏడుస్తుంటే అది ఏడవదు, కింద నిలబడి మోస్తుంది. దాన్ని పట్టుకున్నాక నాకు పైవాటి మీద మోజు తగ్గింది. హాలు నిండా జనం ఉండేవారు. పల్లీలు నమిలారు, ఉమ్మేశారు, పిల్లలను కొట్టారు, ఒక్కడు కూడా దాన్ని విన్నట్టు నాకు కనబడలేదు. వాళ్ళ పొట్టు ఊడ్చింది నేను కనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

మా అవ్వ, నన్ను కన్న తల్లి, జనగామ దవాఖానలో పోయింది. నేను పక్కనే ఉన్నాను. "నీళ్ళు తాగినవా బిడ్డా" అని అడిగింది. తాగిన అని చెప్పేలోపు ప్రాణం పోయింది. దినాలయ్యాక పనికి వచ్చిన మొదటి రోజే కొత్త సినిమా, మాట్నీ. అందులోనూ ఒక తల్లి చనిపోతుంది. ఆ సంగతి నాకు ముందు తెలియదు. ఆమె మాట్లాడుతుంటే వయొలిన్లు లేచాయి, లావు వయొలిన్ వచ్చి కింద చేరింది, అన్నీ కలిసి పైకి పోయి టక్కున ఆగిపోయాయి. పెట్టెలో సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆట అయిపోయిందనుకున్నాను. లేచి, తెరకు దగ్గరున్న తలుపు గడియ లాగాను.

సాయంత్రపు ఎండ నేరుగా తెర మీద పడింది. చనిపోతున్న తల్లి ముఖం సగం తెల్లబారిపోయింది. హాలంతా ఈలలు, బూతులు. ఆ గోలలో వెనుక పెట్టెలోంచి ఒకే ఒక్క వయొలిన్ మళ్ళీ మొదలైంది. వాయించేవాళ్ళు కావాలనే ఆపారు. ఆ ఆపడం కూడా వాయించడంలో భాగమేనని, తలుపు పట్టుకుని నిలబడి తిట్లు తింటూ నేర్చుకున్నాను.

టాకీసు లీజుకు తీసుకున్నాయన జనగామ వైపు భూములున్న ఇంటివాడు. పటేలా అని పిలవాలి. ఆట అయ్యాక నన్ను మెట్ల దగ్గర నిలబెట్టాడు.

"నిన్ను ఊడ్సుడుకు పెట్టుకున్ననా, సంగీతం వినుడుకు పెట్టుకున్ననా?"

"చప్పుడు ఆగింది పటేలా. అయిపోయిందనుకున్న."

"మీ అవ్వ సచ్చిందని మందికి సినిమా ఆపుతవా?"

ఈ మాట అన్నది ఏ కోస్తా మనిషో కాదు. మా నేల మీది మనిషి, మా మాటలోనే అన్నాడు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఆ తరువాత నా చెవి ఇంకా చెడ్డదైంది. ఇంకొకటి పట్టుకుంది. తెర మీద తల్లి కోస్తా మాట మాట్లాడుతుంది, ఆమెకు వయొలిన్లు. హీరోకు బూరలు. మా మాట మాట్లాడేది ఎవరు? ఇంటి పనివాడు, తాగుబోతు, రౌడీ. వాడు "ఏంది బై" అని నోరు తెరవకముందే ఒక క్లార్నెట్ కుంటుకుంటూ వస్తుంది, బాతు నడిచినట్టు. ఇక నవ్వండి అని చెప్పడానికే దాన్ని పెట్టారు. జనం నవ్వేవారు. ఏంది బై అంటూనే టికెట్టు కొనుక్కుని లోపలికి వచ్చిన జనం. ఇరవై ఏళ్ళలో మా మాట కింద ఒక్క వయొలిన్ వినలేదు. మా అవ్వ అడిగిన నీళ్ళ మాటే తెర మీద ఎవరన్నా అంటే కింద ఏం వస్తుందో నాకు తెలుసు. బాతు వస్తుంది. ఆ క్లార్నెట్ వాయించినవాణ్ని నేను ఏమీ అనను. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో దొరకనియ్యడు, అంత పనిమంతుడు. అంత పనితనాన్ని దేనికి వాడారో చూసి కడుపు మండుతుంది.

గేటు దగ్గర పల్లీలు అమ్మే లంబాడి తండా ఆమె ఒకతె ఉండేది. ఆమెకు ఇదంతా చెప్పుకున్నాను. పొట్లం కడుతూ, "మా బట్టలు కట్టినామె బొమ్మలకొస్తే గజ్జెలు గలగల కొడ్తరు గదా. గప్పుడు నువ్వు నవ్వలేదా అక్కా" అంది. నవ్విన మాట నిజమే. పొట్లం తీసుకుని లోపలికి పోయాను.

తరువాత రాష్ట్రం కావాలని రోడ్లన్నీ నిండిన రోజులు వచ్చాయి. రోడ్డు మీదే వండి తినే వంటావార్పు పెడితే నేనూ కట్టెలు మోశాను. బందు అంటే టాకీసు ఒకరోజు మూసి రెండు రోజులు తెరిచేవారు. అట్లా తెరిచిన ఒకనాడు, మాట్నీ ఇంటర్వెల్లో, ఆటో యూనియన్ వాళ్ళు పదిమంది తెర వెనుకకు వచ్చారు. ముందున్న అతను నలభై ఏళ్ళవాడు, ఎన్నోసార్లు నన్ను ఆటోలో ఇంటి దగ్గర దింపినవాడు. చేతిలో గడ్డపార ఉంది. పటేలు తన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

"జరుగు పెద్దమ్మా. పెట్టె పలగ్గొడ్తం. చప్పుడు లేకుంటే సినిమా ఎట్ల ఆడిస్తడో చూస్తం."

నేను పెట్టెకు వీపు ఆనించే నిలబడ్డాను. "తెర చింపు తమ్మీ. కత్తి నేనే తెచ్చిస్త. పెట్టె ముట్టకు."

"మనల్ని ఎక్కిరిచ్చిన మాటలు దేంట్లకెల్లి వచ్చినయి? తెరలకెల్లా, పెట్టెలకెల్లా?"

అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. "పెట్టెలకెల్లే."

"మరి?"

"మరి గందులనే ఇంకోటి గూడ ఉన్నది. నీకు ఎరక లేదు."

వెనుక నుంచి ఒకడు అన్నాడు. "ముసల్ది పటేలు మనిషే. జీతం మాట్లాడిస్తున్నది."

"నీ నోట్లె మన్ను పడ. మొన్న రోడ్డు మీద నాలుగుసార్లు పెట్టించుకొని తిన్నవు గదా. పొయ్యి కింద కట్టెలు పటేలు మోసిండా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గడ్డపార మాత్రం కిందికి దిగలేదు. అతని చూపు పెట్టె మీదే ఉంది. ఒక్క పోటు వేస్తే చాలు. ఆ చెక్క ఎంత పలచనిదో ఏళ్ళ తరబడి ఆనుకున్న నా వీపుకు తెలుసు.

"తమ్మీ, ఇంటర్వెల్ అయినంక పనోడొకడు వస్తడు. మన మాట మాట్లాడుతడు. వాడు నోరు తెరిచే యాల్లకు వాణ్ని లేకుంట చేస్త. చెయ్యకుంటే పెట్టె నీ ఇష్టం."

"ఎట్ల చేస్తవ్?"

"ఈడ్నే కూసోని చూడు."

అతను గడ్డపార మోకాళ్ళ నడుమ పెట్టుకుని నా చోట్లో కూర్చున్నాడు. మిగతావాళ్ళు హాల్లో గోడ వెంట నిలబడ్డారు. ఆపరేటరు రీలు వేశాడు. ఆ వారం ఆ సినిమా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పనివాడు వచ్చేముందు ఒక తలుపు కిర్రుమంటుంది, వయొలిన్లు చిన్నగా తప్పుకుని దారి ఇస్తాయి. అవి తప్పుకుంటుంటే నేను లేచాను. మొదటి గడియ, రెండోది, మూడోది. ఉరకలేదు, ఎప్పటి నడకే నడిచాను.

తెర సున్నం వేసిన గోడ అయిపోయింది. పనివాడు లేడు, ఇల్లు లేదు, ఎవరూ లేరు. పెట్టె మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. "ఏంది బై" అన్నది. క్లార్నెట్ వచ్చింది. ఆ తెల్ల గోడ ముందు బాతు ఒక్కతే అటు నడిచింది, ఇటు నడిచింది. ఎవరూ నవ్వలేదు. ఎండకు కళ్ళు చిట్లించుకుని జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చీకట్లో ఎన్నడూ కనబడని ముఖాలు. తలుపులు మూయమని, రీలు ఆపమని పటేలు కిటికీలోంచి అరుస్తున్నాడు. ఆపరేటరు ఆపలేదు. వినబడలేదని తరువాత చెప్పాడు. అతని చెవులు నాకంటే మంచివి.

బాతు పోయి, తల్లి మాటలు వచ్చాయి. వయొలిన్లు లేచాయి, లావుది కింద చేరింది. ఆటో అతను తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"గిదేంది పెద్దమ్మా?"

"వయొలిన్లు. నలభై మంది."

"మనోళ్ళకు వాయించరా?"

"ఇప్పటిదాంక వాయించలే."

అతను ఇంకాసేపు నిలబడ్డాడు. విన్నాడో, ఉట్టిగా ఉన్నాడో నాకు తెలియదు. తరువాత గడ్డపార భుజాన వేసుకుని, "పెట్టె ఉండనియ్యుండ్రి" అని తనవాళ్ళకు చెప్పి పడమటి తలుపులోంచి పోయాడు. వాళ్ళ వెంట జనం కూడా లేచిపోయారు.

అప్పుడు పటేలు గది గడియ తీసుకుని బయటికి వచ్చాడు. "రేపటి సంది రాకు."

"రాను పటేలా. వారానికోసారి పెట్టె దుమ్ము తుడువుమని చెప్పు ఎవరికన్న. బూర లోపటికి దుమ్ము పోతే గొంతు పోతది."

"పెట్టె మీద పావురం గూడు పెట్టినా నీకెందుకు?" అన్నాడు. చీపురు అక్కడే పడేసి వచ్చాను.

ఎనిమిది రోజుల తరువాత టాకీసు మళ్ళీ తెరిచారు. అదే సినిమా. మాట్నీ ఇంటర్వెల్ అయ్యే వేళకు పోయి పడమటి గోడ దగ్గర నిలబడ్డాను. తలుపులు మూసి ఉన్నాయి. వాటి గడియలన్నీ లోపలి వైపే. గోడకు చెవి ఆనించాను. ఇటుక గోడలోంచి వయొలిన్లు రావు. డోళ్ళు వస్తాయి. లావు వయొలిన్ కొంచెం వస్తుంది, అదీ తుమ్మెద రొద చేసినట్టు. నేను అడ్డం నిలబడి కాపాడిన పెట్టెలోంచి నా దాకా వచ్చింది అంతే.

పల్లీల ఆమె గంప తెచ్చి నా పక్కన దించింది. "ఏమన్న వినవడుతున్నదా అక్కా?"

"ఏం లేదు."

అప్పుడు లోపల హాలంతా ఒక్కసారి నవ్వింది. అది మాత్రం గోడలోంచి బాగా వినబడింది.