గాలి గొట్టానికి నీళ్ల పరీక్ష

వీధిలో అందరూ ఆయన్ని లీకుల మావయ్య అంటారు. పెద్దవాళ్లూ అంతే, పిల్లలూ అంతే. ముప్ఫై ఏళ్లుగా కుళాయిలు బిగిస్తున్నాడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు పలకరింపులు ఉండవు. గోడకు చెవి ఆనించి ఒక నిమిషం నిలబడతాడు. "లోపల ఏడుస్తోంది" అంటాడు. పగలగొడితే నిజంగానే అక్కడొక గొట్టం ఏడుస్తూ ఉంటుంది. ఇంజనీర్లు గీసిన పటంలో ఆ గొట్టం అక్కడ ఉండనే ఉండదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి యాభయ్యో ఏట కారు కొన్నాడు. నాలుగు చేతులు మారిన కారు. రంగు వెలిసింది, వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. అయినా దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. నీళ్లు ఆగకపోతే బతిమాలి పిలిచి, పనయ్యాక పెరటి దారి చూపించే ఇళ్లుంటాయి కదా, ఆ ఇళ్ల ముందు కూడా సరిగ్గా గేటుకు ఎదురుగా ఆపి, హారన్ కొట్టి, సామాను సంచి భుజాన వేసుకుని తీరిగ్గా దిగేవాడు. అలా దిగడం కోసమే కొన్నాడేమో.

చిక్కల్లా సొంత ఇంటి దగ్గరే. ఇల్లు ఎత్తు మీద ఉంది. కింద మలుపు తిరగ్గానే రోడ్డు నిటారుగా లేస్తుంది. సగం ఎక్కేసరికి కారుకు ఊపిరాడదు. వణుకుతుంది, దగ్గుతుంది, నిలబడిపోతుంది. అప్పుడు భార్య దిగాలి. చేతిలో సంచులతో సహా దిగి నడవాలి. ఆవిడ ఇంటికి చేరి, తాళం తీసి, చెప్పులు విడిచాక కారు చేరేది. మేడల మీంచి చూసేవాళ్లకు ఇదో వినోదం. "ఇవాళ కూడా మీ కారుదే రెండో స్థానమా?" అని ఒకాయన రోజూ అడిగేవాడు. పనీపాటా లేనివాళ్లకు ఇలాంటి వాటికి ఓపిక ఎక్కువ.

ఒక బుధవారం ఆవిడకు విసుగెత్తింది.

"ఏవండీ, తమ్ముడు కారు కొనేవాణ్ని ఎవర్నో చూశాడు. సోమవారం వచ్చి కారు తీసుకెళ్తాడట. ఇచ్చేయండి."

"ఎక్కించి చూపిస్తే?"

"ఎవరూ దిగకుండానా?"

"ఎవరూ దిగకుండా. మీ అమ్మనీ, తమ్ముణ్నీ కూడా కూర్చోబెడతా."

"ఆదివారం దాకా గడువు. ఎక్కితే ఉంచుకోండి, మళ్లీ మాట్లాడను. నేను దిగానో, తాళాలు వాడికే."

ఆ తమ్ముడు మెకానిక్. బానెట్ ఎత్తి, పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేంత సేపైనా చూడకుండా, "ఇంజను ముసలిదైపోయింది బావా" అని మూసేసిన ఘనుడు. షెడ్డు గోడకు సర్టిఫికెట్లు అద్దం కట్టించి వేలాడదీశాడు కాబట్టి వాడి మాట చెల్లింది. మావయ్యకు గోడ మీద ఏమీ లేదు. ఫోన్లో ఒక వీడియో ఉంది, అంతే.

ఆ వీడియో ప్రకారం చల్లగాలి చిక్కగా ఉంటుంది. చిక్కటి గాలి పీల్చిన ఇంజనుకు బలం వస్తుంది. ఈ కారేమో బానెట్ కింద ఉడికిన గాలే పీల్చుకుని బతుకుతోంది. 'ఓస్, గొట్టం పనేగా' అనుకున్నాడు మావయ్య.

గురువారం నుంచి వెనక వరండాలో కాలు పెట్టే చోటు లేదు. మూడంగుళాల ప్లాస్టిక్ గొట్టాలు, బెండ్లు, రబ్బరు కాలర్లు, క్లిప్పులు. ఫిల్టరు డబ్బాకు ముందు ఒక గొట్టం: హెడ్‌లైటు పక్కనుంచి బయటి గాలిని తెస్తుంది. డబ్బాకు వెనక ఇంకో గొట్టం: వడకట్టిన గాలిని ఇంజనుకు చేరుస్తుంది. ఆ చోట ఉన్న మడతల రబ్బరు గొట్టాన్ని పీకి మూలన పడేశాడు. ప్లాస్టిక్ మెత్తబడకుండా వేణ్నీళ్ల లైనుకు చుట్టే తొడుగు చుట్టాడు.

"కారుకు బాత్రూం కడుతున్నారా?" అంది భార్య.

"ఆదివారం చూద్దువుగాని."

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. ముప్ఫై ఏళ్లుగా గొట్టం అతికించాక ఏం చేస్తాడో ఇప్పుడూ అదే చేశాడు. వెనక గొట్టానికి ఒక కొసన బిరడా కొట్టి, నిండా నీళ్లు పోసి, పావుగంట రెప్ప వేయకుండా చూశాడు. చుక్క కారలేదు. నీళ్లు వంపేసి, గొట్టం బిగించి, బావమరిదిని పిలిపించి మరీ తాళం తిప్పాడు.

గొట్టం వంపులో గుక్కెడు నీళ్లు మిగిలే ఉన్నాయి. ఇంజను వాటిని మింగి, పొలమారి, చప్పున ఆగిపోయింది.

బావమరిది నవ్వలేక మెట్ల మీద కూలబడ్డాడు. "గాలి గొట్టానికి నీళ్ల పరీక్షేంటి బావా! ఇంకా నయం, సబ్బు పెట్టి తోమలేదు!"

"లీకుంటే తెలియాలి కదరా."

"తెలిసిందిలే. ప్లగ్గులు విప్పి ఆరబెడతాను. ఆ డ్రైనేజీ పీకేసి పాత గొట్టమే పెట్టెయ్. ఎలాగూ రేపొక్కరోజేగా."

ఆ చివరి మాట మావయ్యకు ఎక్కడో కాలింది.

"పెడతా. పాతదాన్నీ పరీక్షించే పెడతా."

మూలనున్న రబ్బరు గొట్టం తెచ్చి, బిరడా కొట్టి, చెంబుతో నీళ్లు పోశాడు. నీళ్లు నిలవలేదు. మడతల అడుగున, పైకి కనిపించని చోట మూడు సన్నటి ధారలు. కొంచెం మెలితిప్పితే మూడూ కలిసి జల్లు.

నవ్వు ఆగింది. బావమరిది గొట్టం అందుకుని చీలికలో వేలు దూర్చి చూశాడు.

"ఎత్తు మీద ఇంజను ఊగినప్పుడల్లా ఇది నోరు తెరుస్తోంది బావా. దొంగగాలి లోపలికి పోతోంది. ఎంత గాలి వచ్చిందో తెలియక ఇంజనుకు పెట్రోలు చాలట్లేదు."

"ముసలిదైందన్నావు?"

"అన్నాను." గొట్టం కింద పెట్టాడు. "చూడకుండా అన్నాను."

సాయంత్రం దాకా కూర్చుని, ప్లగ్గులు ఆరబెట్టి బిగించాడు. మావయ్య తను చేసిన వెనక గొట్టాన్ని గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, మళ్లీ ఎక్కించాడు.

ఆదివారం పదింటికి మేడల మీద హాజరు పూర్తి. కారులో ముందు భార్య, వెనక అత్తగారూ బావమరిదీ. సగం దారిలో భార్య చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి వెళ్లింది. మావయ్య ఓరకంట చూశాడు. కారు వణకలేదు. దగ్గలేదు. ఇంటి గేటు ముందు ఆగేదాకా ఆవిడ చెయ్యి పిడి మీదే ఉంది, తిప్పే పని పడలేదు.

"ఎత్తు ఎప్పుడొస్తుందే?" అంది అత్తగారు.

అక్కడితో వదిలేస్తే మావయ్య ఎందుకవుతాడు? బానెట్ ఎత్తి, మూడు రోజులు ముద్దుచేసిన ముందు గొట్టాన్ని, ఆ చల్లగాలి గొట్టాన్ని, ఊడదీశాడు.

"ఎక్కిందిగా బావా, ఇంకేంటి?"

"ఏది పనిచేసిందో తెలియొద్దూ?"

మళ్లీ అందరూ ఎక్కారు. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. అదే గేరు, అదే వేగం.

"తేడా ఏమైనా ఉందంటావా?"

"లేదు బావా."

మావయ్య దిగాడు. గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు.

అప్పటికే భార్య ఫోను తీసింది. "నమస్తే అండీ. కారు అమ్మట్లేదండీ... అవును, ఎక్కింది, నలుగురితో... మా ఆయనే బాగుచేశారు. లీకు పట్టుకున్నారు."

మావయ్య ఆవిడ మోచెయ్యి గోకాడు. "చల్లగాలి సంగతి కూడా చెప్పు."

ఆవిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఏం చెప్పను? ఏమీ లేదని మీరే ఇప్పుడు తేల్చారుగా!"

ఆయన ముఖం వంక చూసి, చెయ్యి తీసింది.

"ఆ, ముందువైపు ఒక గొట్టం కూడా చేశారండీ, సొంతంగా. చాలా బాగా కుదిరింది."